పెంట తోలే ట్రక్కు వేరు, మట్టి తోలే ట్రక్కు వేరు



పోయిన వీడియోలో ఘనజీవామృతం పొలానికి తోలడం చూపించాను. చాలామంది ఎరువు సంగతి వదిలేసి వెనకాల ఉన్న ట్రక్కు గురించి అడిగారు. "అంత చిన్నది ఎందుకండీ? ఎవరు చేశారు? ఎంతయింది?" అని. మా భీమడోలు వైపు ట్రక్కు అంటాం. మీ వైపు ట్రాలీ అనొచ్చు, తొట్టి అనొచ్చు. ట్రాక్టరు వెనక తగిలించేదే. ఎంతయిందో చెప్పను, ఇనుము రేటు రోజుకోలా ఉంటుంది, నేను చెప్పిన అంకె పట్టుకుని మీరు బేరానికి వెళితే గొడవవుతుంది. కానీ ఎందుకు చిన్నది అన్నదానికి మాత్రం నాకో గట్టి అభిప్రాయం ఉంది. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను.

ట్రక్కు కొనేటప్పుడు మనలో ఎక్కువమంది పొలం లెక్క వేసుకోవడం లేదు, కిరాయి లెక్క వేసుకుంటున్నారు. "ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు ట్రిప్పులు మట్టి తోలితే వాయిదా వచ్చేస్తుంది" అన్న మాట మీద పెద్ద ట్రక్కు కొంటున్నారు. ఆ ట్రక్కు మన పొలానికి పెద్దదైపోతుంది. కిరాయికి తిరిగి తిరిగి, మన పని దగ్గరికి వచ్చేసరికి సగం పాడైపోయి ఉంటుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు బరువు లెక్క చూడండి. బజార్లో మామూలుగా కనిపించే నాలుగు చక్రాల ట్రక్కు 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అనుకుందాం. అంటే 132 ఘనపుటడుగులు, సుమారు 3.7 ఘనపు మీటర్లు. తడి మట్టి ఘనపు మీటరు 1600 కిలోల పైనే తూగుతుంది. అంచుల దాకా నింపితే ఆరు టన్నులు దాటిపోయింది. అదే ట్రక్కులో సగం మాగిన పశువుల పెంట వేస్తే ఘనపు మీటరుకి 700, 800 కిలోలు, మొత్తం మూడు టన్నుల లోపే. ఎండు గడ్డి అయితే ఇక చెప్పక్కర్లేదు, కొండంత పేర్చినా టన్ను రాదు. మట్టి తోలడానికి పుట్టిన ట్రక్కుకి ఇరుసులు, ఛానళ్లు ఆ ఆరు టన్నుల కోసం వేస్తారు. ఆ ఇనుమంతా మనం రోజూ ఈడ్చుకు తిరగాలి, దానికి డీజిలు పోయాలి.

ఇప్పుడు మన అవసరం చూడండి. మాకు నాలుగెకరాలు. ఏపీసీఎన్‌ఎఫ్ వాళ్లు చెప్పే లెక్కన ఎకరానికి ఘనజీవామృతం 400 కిలోలు. నాలుగెకరాలకి 1600 కిలోలు. జీవామృతం డ్రమ్ములు ఐదు ఎక్కిస్తే ఒక టన్ను. ధాన్యం మేము కోత రోజున కళ్లంలోనే అమ్మం, ఇంట్లో నిలవ పెట్టుకుని పది పదిహేను బస్తాల చొప్పున మరకి పంపి బియ్యం అమ్ముకుంటాం. ఇరవై బస్తాలు ఎక్కించినా, బస్తా 75 కిలోల లెక్కన, ఒకటిన్నర టన్ను. ఇక గడ్డి! రసాయన వ్యవసాయం చేసేవాళ్లకి గడ్డి పొలం దాటించడం పెద్ద పని. మనకి అందులో చాలా భాగం ఆచ్ఛాదనగా పొలంలోనే ఉండిపోవాలి, పశువులకి కావలసినంతే ఇంటికి వస్తుంది. ఏ వైపు నుంచి చూసినా మాకు ఒక ట్రిప్పు టన్నున్నర దాటదు. అందుకని 9 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు చేయించాం. రెండు ఘనపు మీటర్లు పైచిలుకు. పెంట నింపితే టన్నున్నర నుంచి 1700 కిలోలు. సరిగ్గా సరిపోయింది.

మా పక్క పొలం బాబాయ్ ఈ ట్రక్కు చూసి, "ఏరా అబ్బాయ్, ఇది ట్రక్కా, తోపుడు బండా? రేపు అమ్ముదామంటే ఎవడు కొంటాడ్రా?" అన్నాడు. అమ్మకం సంగతి నిజమే, పెద్ద ట్రక్కుకి బేరం తొందరగా వస్తుంది. కానీ కొనే రోజునే అమ్మే రోజు గురించి ఆలోచిస్తే మనకి కావలసింది ఎప్పటికీ కొనలేం. "బాబాయ్, నేనిది అమ్మడానికి చేయించలేదండి, పెంట తోలడానికి చేయించాను" అన్నాను. ఆయన నవ్వేశాడు. మొన్న దాళ్వాకి ముందు ఆయన పెంట కూడా అందులోనే తోలాం లెండి.

చిన్నదైతే చాలదు, పెంటకి తగ్గట్టు ఉండాలి. మట్టి ట్రక్కుని రాపిడి తింటుంది, పెంట ట్రక్కుని తుప్పు తింటుంది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఆవు పేడలో, మూత్రంలో ఉప్పులు ఉంటాయి, మూత్రం మాగుతుంటే అమ్మోనియా వస్తుంది. దానికి తోడు పెంటలో తేమ ఆరదు. అడుగు రేకు మీద రెండు రోజులు పెంట నిలవ ఉందంటే ఉప్పునీళ్లలో నానబెట్టినట్టే. మా దగ్గర ఇంకో సమస్య కొల్లేరు. ఆగడాలలంక, చెట్టున్నపాడు వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా తగులుతాయి. ఉప్పుటేరు మీదుగా సముద్రానికి దారి ఉన్న చెరువు కదా. ఆ బోరు నీళ్లతో ట్రక్కు కడిగితే శుభ్రం చేసినట్టు కాదు, ఇంకాస్త ఉప్పు పూసినట్టు. కాలవ నీళ్లు దొరికినప్పుడు కాలవ నీళ్లే వాడండి.

అందుకని అడుగు రేకు దగ్గర పీనాసితనం వద్దు. పక్క డోర్లు సన్నగా ఉన్నా పర్వాలేదు, వాటి మీద ఏమీ నిలవ ఉండదు. అడుగు మాత్రం 4 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. రేకుని గేజి లెక్కలో చెప్పేవాళ్లు ఉంటారు, గేజి నంబరు పెరిగితే రేకు పల్చన అవుతుంది, అక్కడ చాలామంది తికమకపడతారు. మిల్లీమీటర్లలోనే మాట్లాడండి. దీన్ని పట్టుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. ఇనుప రేకు ఒక చదరపు మీటరు, ఒక మిల్లీమీటరు మందం, 7.85 కిలోలు తూగుతుంది. మా ట్రక్కు అడుగు 4.6 చదరపు మీటర్లు. 4 మిల్లీమీటర్లయితే 144 కిలోలు, 3 అయితే 108 కిలోలు. 36 కిలోల తేడా. మేము మొదట మాట్లాడుకున్న షెడ్డులో 4 అని చెప్పి 3 రేకు దించారు. కోసే ముందు కాటా వేయిద్దాం అన్నాను. కాటా మాట వినగానే "పొరపాటున వచ్చిందండీ" అని వెనక్కి పంపించారు. మీరు కూడా రేకు కోయకముందే కాటా వేయించండి. వెల్డింగు అయిపోయాక ఏం చేయలేం. ఆ 36 కిలోలకి ఆ రోజు ఇనుము రేటుతో గుణించి చూసుకోండి, ట్రక్కు మొత్తం ఖర్చులో అది ఏ మూలకి? అడుగు రేకు ఆయుష్షు మాత్రం దాని మీదే ఉంది.

వెల్డింగు గురించి ఒక మాట. షెడ్లలో రేకుని ఛానలు మీద పెట్టి అరడుగుకి ఒక టాకా వేసుకుంటూ పోతారు. బలానికి అది చాలు. కానీ టాకాకీ టాకాకీ మధ్య సందులో మూత్రం దూరుతుంది, అక్కడ ఎంత కడిగినా నీళ్లు చేరవు. తుప్పు అక్కడే మొదలై కింద నుంచి పైకి వస్తుంది, మీకు కనిపించేసరికి రేకు అప్పడంలా విరుగుతుంది. లోపలి వైపు అడుగు అతుకులన్నీ సందు లేకుండా గీత లాగించండి. వెల్డరు విసుక్కుంటాడు, ఎలక్ట్రోడ్లు ఎక్కువ పడతాయి, ఓ రోజు కూలి అదనం. ఇవ్వండి. బాక్సు పైపులు వాడితే వాటి చివర్లు మూయించండి, లేకపోతే వాటిలో పెంట నీళ్లు చేరి లోపల నుంచి తినేస్తాయి. అడుగున వెనక మూలల్లో చిటికెన వేలు దూరేంత రెండు కన్నాలు పెట్టించండి, కడిగిన నీళ్లు నిలవకుండా. నేను ఇవన్నీ ట్రక్కు కింద పడుకుని తీశాను, వీడియోలో చూడండి, మాటల్లో కంటే అక్కడ బాగా అర్థమవుతుంది.

రెండు చక్రాలా, నాలుగు చక్రాలా అన్నది ఇంకో వాదన. నాకు రెండు చక్రాలదే ఇష్టం, అదీ జాకీ లేచేది. నాలుగు చక్రాలది బరువంతా తనే మోస్తుంది, తిన్నటి రోడ్డు మీద హాయిగా వస్తుంది, విప్పి పక్కన పెడితే తనంతట తను నిలబడుతుంది. ఒప్పుకుంటాను. కానీ మన పుంతల్లో దాన్ని వెనక్కి నడపడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. రెండు చక్రాలదైతే బరువులో కొంత ట్రాక్టరు మీద పడుతుంది. బురదలో ట్రాక్టరు వెనక చక్రాలకి ఆ బరువే పట్టు. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది కొత్త కాదు. బండి ముందుకి బరువైతే కాడి ఎడ్ల మెడ మీద అణిగేది, వెనక్కి బరువైతే కాడి గాల్లోకి లేచేది. ట్రక్కుదీ అదే లెక్క. బరువు కాస్త ముందుకు ఉండేలా సర్దాలి. వెనక డోరు వైపే నింపితే ట్రాక్టరు వెనక చక్రాలు తేలిపోతాయి, రోడ్డు మీద ట్రక్కు పాములా ఊగుతుంది. మరీ ముందుకు నింపితే ట్రాక్టరు మూతి తేలికైపోయి స్టీరింగు తిరగదు.

జాకీ ట్రక్కు విషయంలో నాకు భయం ఒక్కటే. తొట్టి లేపి కింద దూరి గ్రీజు పెట్టడం, ఇరుక్కున్న పెంట లాగడం చేస్తారు. పైపు పగిలితే తొట్టి కూలిపోవడానికి ఒక్క క్షణం చాలు. అడ్డంగా ఇనుప ఊతం పెట్టకుండా కింద చెయ్యి కూడా పెట్టొద్దు. పొలాల్లో కరెంటు తీగలు కిందకి వేలాడుతుంటాయి, లేపే ముందు పైకి చూడండి.

పొలంలోకి దించే విషయానికొస్తే, నా మటుకు నేను దించను. మాది రేగడి. తడి మీద బరువు పడితే ఆ నేల మళ్లీ గుల్లబారడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలుసు. వానపాములు రావాలని, నేల దుక్కి లేకుండా ఉండాలని నవధాన్యాలు చల్లి ఇంత చేసి, చివరికి ట్రక్కు చక్రంతో తొక్కించుకోవడం ఏం తెలివి? వెడల్పు టైర్లు, తక్కువ గాలి ఉంటే పైపొరకి మేలే. కానీ లోపలి పొర అణగడం ఇరుసు మీద పడే మొత్తం బరువు మీద ఉంటుంది, టైరు మార్చినంత మాత్రాన అది పోదు. చిన్న ట్రక్కు వల్ల ఈ లాభం కూడా ఉంది. మాది నిండా నింపినా, ట్రక్కు బరువుతో కలిపి రెండు టన్నుల పైచిలుకు. మట్టి నింపిన పెద్ద ట్రక్కుకి ఒక్కో ఇరుసు మీదే మూడున్నర దాటుతుంది. అయినా నేను గట్టు మీదే ఆపి, గమేళాలతో మోయిస్తాను. దాళ్వా కోతలయ్యాక నేల నెర్రెలు విచ్చిన వేసవిలో అయితే దించొచ్చు.

ఇక కిరాయి సంగతి. మా చుట్టుపక్కల ట్రక్కుకి పని ఎప్పుడూ ఉంటుంది. ఇటు చేపల చెరువులు, అటు మెట్ట వైపు ద్వారకా తిరుమల రోడ్డులో గ్రావెలు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం వైపు కోళ్ల ఫారాలు. చేపల చెరువు గట్టుకి మట్టి, చేపల మేత బస్తాలు, ఫారాల నుంచి కోళ్ల ఎరువు, యూరియా, డీఏపీ బస్తాలు. రోజుకి నాలుగు డబ్బులు కళ్ల జూసే పని అదే, కాదనను. కానీ అదే తొట్టిలో మర్నాడు ఘనజీవామృతం పోస్తాం, బియ్యానికి ధాన్యం పోస్తాం. పగిలిన బస్తా నుంచి రాలిన గుళికల మందు మూలల్లో ఉంటుంది. కోళ్ల ఎరువులో ఫారంలో వాడిన మందుల అవశేషాలు ఉండొచ్చు. పీజీఎస్ గుంపులో ఉన్నవాళ్లకి, ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లకి పనిముట్లు కలుషితం కాకుండా చూసుకోవడం నియమం కూడా. సర్టిఫికెట్ లేకపోయినా, "మా బియ్యంలో మందు లేదు" అని చెప్పి అమ్ముకునేవాళ్లం. ఆ మాటకి తొట్టి కూడా సాక్ష్యం చెప్పాలి. పైగా చేపలు, రొయ్యల వైపు తిరిగిన ట్రక్కుకి ఉప్పు పడితే రేకు ఎంతకాలం నిలుస్తుంది?

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ల మాటలో న్యాయం ఉంది. ఏడాదిలో మన ట్రక్కు కదిలేది నలభై, యాభై రోజులు. మిగతా రోజులు ఊరికే నిలబడే సామానుకి అప్పు ఎందుకు? నిజమే. దానికి నా జవాబు కిరాయి కాదు, పొత్తు. ప్రకృతి వ్యవసాయం మన రాష్ట్రంలో ఎక్కువగా మహిళా సంఘాల మీదుగానే నడుస్తోంది. ఒక సంఘంలో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ట్రక్కు పెట్టుకోవచ్చు. రసాయనం ఎక్కించకూడదు, మట్టి తోలకూడదు, వాడినవాళ్లే కడిగి అప్పగించాలి, పగిలితే వాడినవాళ్లే బాగు చేయించాలి అని నాలుగు మాటలు కాగితం మీద రాసుకుంటే చాలు. మేము మూడు ఇళ్ల వాళ్లం అలాగే ఉన్నాం. గొడవలు లేవా అంటే, ఉన్నాయి. ఎరువు తోలే రోజులు అందరికీ ఒకేసారి వస్తాయి, సార్వా దమ్ముల ముందు ఆ పది రోజులూ ఎవరు ముందు అన్న గొడవే. కానీ అప్పు మూడు ముక్కలైంది. రెండెకరాల లోపు వాళ్లయితే అసలు సొంతంగా కొనకండి అంటాను. పవర్ టిల్లరుకి తగిలించే చిన్న ట్రక్కో, టైరు బండో చాలు.

కాపాడుకోవడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, చేయడమే కష్టం. పెంట తోలిన సాయంత్రమే కడగాలి. రేపు మళ్లీ తోలాలి కదా అని రాత్రి ఉంచేయడంతోనే సగం తుప్పు. మేము ట్రక్కుని కొబ్బరి చెట్ల పాదుల దగ్గర వాలుగా ఆపి కడుగుతాం, ఆ నీళ్లు కూడా వృథా పోవు. కడిగాక వెనక డోరు తీసి, కాస్త వాలు ఉంచి ఆరనివ్వండి. వానాకాలంలో పాకలోకి చోటు లేకపోతే పైన బరకం కప్పండి, కానీ అడుగుకి అంటుకునేలా కాదు, గాలి ఆడేలా. అడుగున పాత రబ్బరు పట్టా పరిచేవాళ్లని చూశాను. రేకుకి, పట్టాకి మధ్య తేమ చేరి ఆరదు, అది కాపలా కాదు, తుప్పుకి దుప్పటి.

మెకానిక్కులు ఒక చిట్కా చెబుతారు, అడుగుకి కాలిన ఇంజనాయిల్ పూయమని. తుప్పు ఆగుతుంది, అబద్ధం కాదు. కానీ అది పెంటతో కలిసి మన పొలంలోకే వెళుతుంది. ఇంజనులో కాలిన ఆయిల్లో ఏమేం లోహాలు ఉంటాయో తెలిసీ, దాన్ని జీవామృతం పోసే నేలలో కలపడం నేను ఒప్పుకోను. ట్రక్కు కింది వైపు, ఇరుసు, కమాను పట్టీల దగ్గర కూడా వద్దు, చుక్కలు చుక్కలుగా పడేది పొలం గట్టు మీదే. ఏడాదికి ఒకసారి, వేసవిలో, తుప్పు లేచినచోట ఇనుప బ్రష్షుతో గీకి, మెరిసేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడు రెండు చేతులు, దాని మీద రంగు. గీకకుండా తుప్పు మీదే రంగు వేస్తే డబ్బు దండగ.

చక్రాల బేరింగులకి గ్రీజు, సార్వాకి ముందు ఒకసారి, దాళ్వా అయ్యాక ఒకసారి. జాకీ మీద చక్రం లేపి చేత్తో తిప్పండి, గరగరమంటే విప్పాలి. పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే బిగించాలి. కాలవ నీళ్లలో చక్రం మునిగేలా దాటించి ఉంటే, రోజులు చూడకుండా ఆ వారంలోనే విప్పి కొత్త గ్రీజు పెట్టాలి. కమాను పట్టీల యూ బోల్టులు కొత్త ట్రక్కుకి నాలుగు ట్రిప్పులకే వదులవుతాయి, మళ్లీ బిగించాలి. టైర్ల విషయంలో రీబటన్ టైర్లు మన చిన్న బరువులకి సరిపోతాయి, పొలానికీ ఇంటికీ మధ్య తిరిగే బండికి కొత్తవే ఉండాలని లేదు. పక్కలు పగిలినవి మాత్రం వద్దు.

జీవామృతం డ్రమ్ములు ఎక్కించినప్పుడు ఒక జాగ్రత్త. నిండా పోయకండి, మూత బిగించకండి, మాగుతున్నది గ్యాసు వదులుతుంది. ద్రవం లోపల ఊగుతుంటే మలుపులో ట్రక్కు కూడా ఊగుతుంది, డ్రమ్ములన్నీ కలిపి తాడుతో ముందు డోరుకి కట్టండి. గోనె సంచి మూత చాలు.

పిన్ను గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేను. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య ఉన్నది ఒక్క పిన్ను. అది అరిగి సన్నబడినా పట్టించుకోం, కింద సేఫ్టీ పిన్ను పోతే తీగ ముక్క కట్టి నడిపిస్తాం. ట్రక్కు రింగు కూడా లోపలి వైపు అరుగుతుంది. పిన్ను అరుగు కంటికి కనిపించిందంటే మార్చేయండి. ఇంకోటి గొలుసు, పిన్ను ఊడినా ట్రక్కు విడిపోకుండా. ట్రక్కుని ట్రాక్టరు కింది డ్రాబారుకే తగిలించాలి. ఎత్తులో తగిలిస్తే బరువు లాగేటప్పుడు ట్రాక్టరు మూతి లేచి వెనక్కి తిరగబడుతుంది.

మా ఊరికి చెన్నై–కోల్‌కతా రోడ్డు ఉంది, రైల్వే గేటు ఉంది, ఏలూరు కాలవ ఉంది. పొలానికి వెళ్లాలంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి దాటాలి. మామూలు ట్రక్కుకి బ్రేకులు ఉండవు, ట్రాక్టరు బ్రేకే దిక్కు. కాలవ గట్టు దిగేటప్పుడు వెనక ఉన్న బరువు ట్రాక్టరుని నెడుతుంది. నింపిన ట్రక్కు ట్రాక్టరు బరువుకి మించకుండా చూసుకుంటే ఆ నెట్టుడు తట్టుకోవచ్చు, మూడు రెట్లుంటే తట్టుకోలేం. గట్టు దిగే ముందే గేరు తగ్గించండి, దిగుతూ క్లచ్చి తొక్కకండి, న్యూట్రల్ చేయకండి. తెల్లవారుజామున కొల్లేరు వైపు నుంచి మంచు కమ్ముకున్నప్పుడు హైవే మీద లైటు లేని ట్రక్కు వెనక నుంచి వచ్చేవాడికి కనిపించదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, పక్కలకి మెరిసే టేపు, ఒక టీ కప్పు ధర నుంచి మహా అయితే ఒక పూట కూలి. పేడ అంటుకుని మసకబారతాయి, కడిగినప్పుడల్లా వాటిని కూడా తుడవండి.

అన్నిటికంటే బరువైన మాట. మన పద్ధతిలో కలుపు మందు లేదు కాబట్టి కలుపుకి మనుషులు కావాలి. వాళ్లని ట్రక్కులో ఎక్కించుకుని గట్ల వెంట తీసుకెళ్లడం అన్ని ఊళ్లలో మామూలైపోయింది. 2018 జూన్ 24న తెలంగాణలో, వలిగొండ మండలం వేములకొండ దగ్గర, పొలం పనికి వెళుతున్న ట్రాక్టరు మూసీ కాలవలో బోల్తా పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. అదే ఏడాది ఏప్రిల్లో నల్గొండ జిల్లాలో ఇంకో కాలవలో ఇంకో ట్రాక్టరు పడి తొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు. ట్రక్కు బోల్తా పడితే మీదకి తిరగబడుతుంది, కింద ఉన్నవాళ్లకి ఈత వచ్చినా లాభం లేదు. చట్టం ప్రకారం కూడా ట్రక్కు సామాను బండి. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలరు కూడా వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషను ఉండాలి, ఇన్సూరెన్సులో దాని పేరు కూడా రాయించాలి. అవన్నీ ఉన్నా తొట్టిలో ఎక్కిన కూలీకి ఆ పాలసీ రక్షణ ఇవ్వదు. మా మూడిళ్ల కాగితంలో ఇప్పుడు అయిదో మాట అదే, మనుషుల్ని ఎక్కించకూడదు. కలుపుకి వచ్చేవాళ్లకి ఆటో కిరాయి మేమే ఇస్తున్నాం. ఎకరానికి ఖర్చు కొంచెం పెరిగింది, బియ్యం రేటులో కలిపాం. అడిగినవాళ్లకి ఎందుకో చెప్పాం, ఎవరూ బేరం ఆడలేదు.

వచ్చే వీడియోలో బేరింగు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించడం మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను, గంట పని. ఈలోగా మీ ట్రక్కు పిన్ను ఒకసారి బయటికి తీసి, అరిగిన చోట, అరగని చోట మందం ఎంతుందో కొలిచి ఫోటోతో పంపండి. ఎవరిది ఎంత అరిగిందో అందరం చూద్దాం.